ఎవరి చేతి పుంటికూర

"ఆ కుండ నువ్వే తియ్యి వదినా. నేను ముట్టుకుంటే చెయ్యి వణికి పగులుతది."

బుల్లమ్మ వంటింటి గడప మీద నిలబడి అంది. వండడానికి ఎవరూ లోపలికి అడుగు పెట్టకుండా రెండు చేతులూ చాచి ద్వారబంధాన్ని పట్టుకుంది. ఆమె వెనక పొయ్యి మీద, దుర్గమ్మ పెట్టిన ఎసరు మరుగుతోంది.

"బియ్యం పోసినంక తీస్త," అంది దుర్గమ్మ.

"బియ్యం పోసేది లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే కాశయ్య మామ వస్తనన్నడు. ఈ ఇంట్ల నువ్వు వండంగ కులపోళ్ళు చూసిన్రంటే మన పని అయిపోయినట్టే."

"ఎనిమిది నెలల సంది నేనే వండుతున్న. నువ్వే తిన్నవ్. బాగుందన్నవ్."

"అప్పుడు ఎవ్వరూ అడగలే. ఆదివారం సంతల అడిగిన్రు. నువ్వేమో అందరి ముందట ఉన్నదున్నట్టు చెప్పేసినవ్."

దుర్గమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి బుల్లమ్మకు ఒళ్ళు మండింది.

సంతలో జరిగింది చిన్న మాటే. ఉప్పు బస్తాల దగ్గర కులపెద్ద కాశయ్య దుర్గమ్మను ఆపి, బర్మా దేశం రంగంలో ఇరవై రెండేళ్ళున్నావు కదా, అక్కడ ఎవరెవరి చేతిది తిన్నావని అడిగాడు. ఆకలైనప్పుడు పెట్టిన ప్రతి చేతిదీ తిన్నానని దుర్గమ్మ జవాబిచ్చింది. బర్మావాళ్ళదా అన్నాడు. బర్మావాళ్ళదే అంది. యుద్ధంలో నడిచి వచ్చేటప్పుడు కొండల మీద పేరు కూడా తెలియని మనుషులు ఆకులో పెట్టిన అన్నం తిన్నాననీ, కులం అడిగి తినేంత తీరిక అప్పుడు లేదనీ చెప్పింది. ఉప్పు కొలిచే మనిషి కొలవడం ఆపేసి విన్నాడు.

మర్నాడే కబురొచ్చింది. దుర్గమ్మ కులం ముందు నిలబడి తప్పు చేశానని ఒప్పుకోవాలి. బంగారు తీగ కాల్చి నాలుక మీద అంటిస్తారు. ఏడాదిపాటు ఇంటి పొయ్యి ముట్టకూడదు. ఒప్పుకోకపోతే ఆమె తమ్ముడు భూషణం ఇంటికి నిప్పూ నీళ్ళూ బంద్.

"నాలుక కాలిస్తే కాలుస్తరు, ఎంతసేపు? రెండు దినాలు గంజి తాగితే మానిపోతది," అంది బుల్లమ్మ. "ఒప్పుకో వదినా. నీ కాళ్ళు పట్టుకుంట."

"నాలుక గురించి నాకు బాధ లేదు. తప్పు చేసిన అని చెప్పమంటున్నరు చూడు, అదే నా నోట రాదు."

"రాకపోతే నాట్లకు ఎవరొస్తరు? నాలుగు మడులు దున్ని పెట్టుకున్నం, నారు ముదురుతున్నది. ఇగ అత్త..." బుల్లమ్మ గొంతు తగ్గించి, పక్క వసారాలో నులకమంచం వైపు చూసింది. "అత్త ఇయ్యాలో రేపో అన్నట్టున్నది. రేపు ఆమెను మొయ్యనీకి నలుగురు రావద్దా?"

దుర్గమ్మ నవ్వు పోయింది.

వాకిట్లో నాగలికి మేడి బిగిస్తున్న భూషణం తల ఎత్తలేదు. అక్క ఒక వైపు, భార్య ఒక వైపు మాట్లాడుతుంటే పొద్దుటినుంచీ అదే మేడి బిగిస్తున్నాడు. అది ఎప్పుడో బిగిసిపోయింది.

"నువ్వేమంటవ్ రా?" అంది దుర్గమ్మ.

"నేనేమంట అక్కా. ఇద్దరూ చెప్పేది సబబుగనే ఉన్నది."

"ఇద్దరిదీ సబబెట్లయితది?"

భూషణం మళ్ళీ మేడి మీదికి వంగాడు.

దుర్గమ్మ గడప దగ్గరికి వెళ్ళింది. బుల్లమ్మ పక్కకు జరిగింది కానీ చేతులు పూర్తిగా దించలేదు. దుర్గమ్మ వాటి కింద నుంచే వంగి లోపలికెళ్ళి, కొంగుతో కుండ పట్టుకుని దించి, అదే దారిన వంగి బయటికొచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"పెరట్లో మూడు రాళ్ళున్నయి. నాకు చాలు," అంది.

*

వాన రాత్రంతా కురిసి తెల్లవారి వెలిసింది. కట్టెలు తడిగా ఉన్నాయి. దుర్గమ్మ ఊది ఊది నిప్పు రాజేసింది. కళ్ళలో నీళ్ళు పొగకే వచ్చాయి, మరి దేనికీ కాదు. ఏడవడం ఆమె బర్మా నుంచి నడిచొచ్చిన తౌంగప్ కనుమలోనే ముగించుకుంది. భర్త సీతయ్య కలరాతో ఆ దారి పక్కనే పోయాడు. పూడ్చడానికి గునపం లేక రాళ్ళు పేర్చి వచ్చింది.

ఈ పొద్దు తల్లికి పుంటికూర వండాలని ఆమె నిన్ననే అనుకుంది. తల్లి నాలుగు రోజులుగా గంజి తప్ప ఏమీ పుచ్చుకోవడం లేదు. నోరు చేదంటోంది. పుల్లగా ఏదైనా తగిలితే తింటుందేమోనని దుర్గమ్మ ఆశ. సంతలో లేత వెదురు కొమ్ములు కూడా దొరికాయి.

కొమ్ముల పొట్టు వలిచి, సన్నగా తరిగి, రెండుసార్లు ఉడకబెట్టి నీళ్ళు వంపింది. పుంటికూర ఆకు గిల్లి వేసింది. పచ్చిమిరప, ఉల్లిగడ్డ, శబరి ఏటి చేపల ఎండు పొడి.

రంగంలో పజుండాంగ్ కాల్వ ఒడ్డున బియ్యం మిల్లులుండేవి. సీతయ్య అక్కడ బస్తాలు మోసేవాడు. కాపురానికి వెళ్ళిన మొదటి వారం దుర్గమ్మకు అన్నం సయించలేదు. కూరగాయల బజారులో ఏ పేరూ తెలియదు, ఏ వాసనా తెలియదు. ఒకరోజు ఒక బర్మా ముసలామె గంపలో ఎర్ర కాడల ఆకు కట్టలు కనిపించాయి. దుర్గమ్మ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. పుంటికూరే! ఆ బజారు మధ్యలోనే కూలబడి, ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని భోరుమని ఏడ్చింది. ముసలామె భయపడి ఇంకో రెండు కట్టలు ఊరికే ఇచ్చింది.

బర్మావాళ్ళు కూడా ఆ ఆకులో వెదురు కొమ్ములు వేసే వండుతారని తర్వాత తెలిసింది. పక్కింటామె ఎండు రొయ్యలు దంచి అందులో కలపడం నేర్పింది. అచ్చం మా అమ్మ కూరే అని దుర్గమ్మ ఊరూవాడా చెప్పుకుంది. పూటకూళ్ళిల్లు పెట్టాక మిల్లు కూలీలు వరసగా కూర్చుని ఆ కూర కోసం కొట్టుకునేవాళ్ళు. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన వాళ్ళు మాత్రం మొదట్లో ముక్కు చిట్లించారు.

"గోంగూరలో వెదురేటమ్మా? మా వైపు ఎయ్యరు."

"మా అమ్మ వేస్తది," అనేది దుర్గమ్మ. అంతకు మించి సాక్ష్యం అక్కర్లేదన్నట్టు.

రాత్రిళ్ళు మిల్లు పొగ ఇంట్లోకి వస్తుంటే కళ్ళు మూసుకుని అమ్మ కూర కలపడం తలచుకునేది. పచ్చబొట్టు చుక్కలున్న చెయ్యి, గరిటె తిప్పుతూ. ముఖం గుర్తొచ్చేది కాదు. ఆ చెయ్యే గుర్తొచ్చేది. ఇరవై రెండేళ్ళు ఆ చెయ్యే ఆమెకు అమ్మ.

కూర దించి, చిప్పలో కొంచెం అన్నంతో కలిపి, వసారాలోకి తీసుకెళ్ళింది. బుల్లమ్మ చూసింది కానీ ఆపలేదు. కాశయ్య ఇంకా రాలేదు.

"అమ్మా, కొంచెం నోరు తెరువు."

ముసలమ్మ ఒక ముద్ద తీసుకుంది. దవడలు నెమ్మదిగా ఆడాయి. ఆగింది. మళ్ళీ ఆడాయి.

"వెదురు ఎవరెయ్యమన్నరే దీంట్ల?" అంది.

"నువ్వే గదమ్మా వేసేదానివి."

"నేనెన్నడేసిన? నాకా వాసనే పడదు."

దుర్గమ్మ చేతిలో రెండో ముద్ద అలాగే ఉండిపోయింది. "అదేందమ్మా! నా చిన్నప్పుడు, తమ్ముడు పుట్టినప్పుడు... రోజూ నువ్వే..."

"తమ్ముడు పుట్టినప్పుడు నేను మంచం మీదున్న. ఏడాది లేవలే. నువ్వు ఏడేండ్ల పిల్లవి, నీకెట్ల యాదుంటది."

దుర్గమ్మ తల్లి చేతుల వైపు చూసింది. దుప్పటి మీద ముడతలు పడి, నరాలు తేలి, పక్కపక్కనే పడుకున్న రెండు చేతులు. ఎక్కడా ఒక్క పచ్చబొట్టు చుక్క లేదు. ఎనిమిది నెలలుగా ఈ చేతులకు నూనె రాస్తోంది. ఒక్కసారీ తోచలేదు.

"మరి వండిందెవరు?"

ముసలమ్మ కళ్ళు మూసుకుంది. వాకిట్లో మేడి చప్పుడు ఆగిపోయింది.

"లక్కే," అంది ముసలమ్మ.

"ఏ లక్కే?"

"వాగవతల దోర్లోళ్ళ గూడెం లక్కే. అడవి జాతి మనిషి. కట్టెలు తెచ్చేది మనకు. నేను జరంల పడ్డ. ఇంట్ల ఆడదిక్కు లేదు. మీ నాయిన పొలం పోతే మీరిద్దరు ఏడుస్తుండె. ఆమె చూసింది. పొయ్యి అంటించింది. కులపోళ్ళకు తెలిస్తే వెలేస్తరని తలుపులేసుకొని వండింది, ఏడాది. నేను లేచినంక మీ నాయిన ఒక కోక ఇచ్చి పంపించిండు. మళ్ళ ఈ దిక్కు రావొద్దన్నడు." ముసలమ్మ ఊపిరి తీసుకుంది. "ఆ ముద్ద పెట్టు. పుల్లగున్నది. బాగున్నది."

దుర్గమ్మ పెట్టింది. ముసలమ్మ తిన్నది. ఆ తర్వాత మరో నాలుగు ముద్దలు తిన్నది.

వంటింటి గుమ్మంలో బుల్లమ్మ, వాకిట్లో భూషణం. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

*

కాశయ్య మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. బుల్లమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. అతను చెంబు వైపు చూసి, ముట్టుకోకుండా పక్కకు జరిపాడు.

"ముందు మాట తేలనీ. నీళ్ళు తర్వాత," అన్నాడు.

దుర్గమ్మ స్తంభం పక్కన నిలబడింది. తల మీద కొంగు సర్దుకుంది కానీ తల వంచలేదు.

"ఏమ్మా, ఒప్పుకుంటున్నవా?"

"తిన్నది ఒప్పుకుంటున్న మామా. సంతలనే ఒప్పుకున్న. తప్పని ఒప్పుకోను."

"తినుడే తప్పు గదా!"

"తినకపోతే ఆ కొండల్లనే పోయేదాన్ని. మీరు ఇయ్యాల నాలుక కాల్చనీకి మనిషే ఉండకపోవు."

పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకాయనకు నవ్వొచ్చింది. కాశయ్య చూడగానే మీసం తుడుచుకున్నాడు.

"రంగం పోయి నోరు బాగనే నేర్చినవ్," అన్నాడు కాశయ్య. "మా కోపం నీ మీద కాదు. రివాజు ఒకటున్నది. రాజుగారి రియాసత్‌ల కచేరీ ఉన్నది, తహసీల్దారున్నడు. కానీ మన కులం సంగతి మనమే చూసుకోవాలె. ఈ కొంటా ఊర్ల మన ఇండ్లు పదిహేడు. పొయ్యి చెడితే మనకేం మిగుల్తది?"

అతను కపటంగా అనలేదు. నిజంగానే అన్నాడు. దుర్గమ్మ జవాబు చెప్పబోయింది.

"ఈ పొయ్యి ముప్పై ఎనిమిదేండ్ల కిందనే చెడింది కాశయ్యా!"

వసారాలోంచి వచ్చిన గొంతు సన్నగా ఉంది, కానీ వాకిలంతా వినిపించింది. భూషణం గబుక్కున లేచాడు. "అమ్మా, నువ్వు ఊకో..."

"నేనెందుకూకుంట? నా బిడ్డ నాలుక కాలుస్తమంటున్నరు. కాల్చవలసిన నాలుక నాది." ముసలమ్మ మోచేతి మీద లేవడానికి ప్రయత్నించింది. బుల్లమ్మ పరుగెత్తుకెళ్ళి వీపు కింద చెయ్యి వేసింది. "నా ఇంట్ల ఏడాది పాటు దోర్ల లక్కే వండింది. నేను తిన్న. నా మొగడు తిన్నడు. పిల్లలు తిన్నరు. కాశయ్యా, నువ్వు మా ఆయనతోటి బండి కట్టుకొని తోంగ్‌పాల్ దాక పోయేటోడివి యాదున్నదా? పోయేటప్పుడు తిన్నవ్, వచ్చినంక తిన్నవ్. పుంటికూర ఇంకింత ఎయ్యమని అడిగినవ్. లోపల ఆమె వేస్తే, నీ నేస్తుడు తెచ్చి నీ ఆకుల వడ్డించిండు."

అరుగు మీద ఇద్దరూ కాశయ్య వైపు తిరిగారు.

మొదట తేరుకున్నది కాశయ్యే. ముఖం కందిపోయింది. "ముసలిదానికి మతి తప్పింది. జరంల ఏదో అంటున్నది."

"మతి తప్పితే లక్కేని పిలిపియ్యి. బతికే ఉన్నది. ఆమె ముందట చెప్పు, నేను తినలేదని."

"ఆమె వస్తదా? నలభై ఏండ్లాయె ఈ గడప తొక్కక," అన్నాడు కాశయ్య.

"పొద్దు గూకేదాక కూసో," అంది దుర్గమ్మ. "నేను పోయి తీసుకొస్త."

కాశయ్య ఆలోచించాడు. లక్కే రాదన్న నమ్మకం అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. "మంచిది. పొద్దు గూకేదాక కూసుంట. రాకపోతే తప్పు ఒప్పుకుంటవా?"

దుర్గమ్మ తల్లి వైపు చూసింది. ముసలమ్మ కూడా ఆమెనే చూస్తోంది.

"ఒప్పుకుంట," అంది దుర్గమ్మ.

బుల్లమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. భూషణం మాత్రం వాకిట్లో లేడు. నాగలి అక్కడే పడి ఉంది.

*

వాగు మోకాలిలోతు పారుతోంది. దాటి, చేల గట్ల మీద నడిస్తే గూడెం ఎంతో దూరం కాదు. దుర్గమ్మకు దారి అడగాల్సిన పని పడలేదు. మొదటి ఇంట్లోనే లక్కే పేరు చెబితే చేత్తో చూపించారు.

చింతపండు గింజలు తీస్తూ ఒక ముసలామె పంచలో కూర్చుని ఉంది. దుర్గమ్మను చూసి కళ్ళ మీద పచ్చబొట్టు చుక్కల చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరు?"

"దుర్గిని అవ్వా. భూషణం అక్కను."

లక్కే చేతిలోని చింతపండు గంపలో వేసింది. లేవలేదు. కూర్చోమని కూడా అనలేదు. దుర్గమ్మ ముఖంలోకి చూసింది.

"రంగం పోయినవంట," అంది. ఆమె తెలుగు మాటలు తన దోర్లి భాష యాసలో ఒక్కొక్కటిగా వచ్చాయి. "నడిచి వచ్చినవంట. విన్న."

"నువ్వు వండిన కూరే అక్కడ వండిన. ఇరవై రెండేండ్లు. అమ్మది అని చెప్పిన. నాకు తెల్వక చెప్పిన."

"తిన్నరా వాళ్ళు?"

"కొట్టుకొని తిన్నరు."

లక్కే పెదవుల మీద ఒక నవ్వు కదిలింది. వెంటనే పోయింది. దుర్గమ్మ జరిగినదంతా చెప్పింది. సంత సంగతి, తీగ సంగతి, అరుగు మీద కూర్చున్నవాళ్ళ సంగతి. ఏదీ దాచలేదు.

"అమ్మ నిన్ను రమ్మన్నది," అంది చివరికి.

"రాను."

"అవ్వా..."

"మీ అమ్మ రమ్మనాల్సినప్పుడు రమ్మనలే. నేను ఎదురు చూసిన. మొదటి ఏడు చూసిన, రెండో ఏడు చూసిన. పిలగాడు ఎట్లున్నడో చూపిస్తరేమో అని వాగుకాడ కూసుండేదాన్ని." లక్కే మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడు మీకు సాక్ష్యం కావాలె. అందుకని వచ్చినవ్."

అది నిజమే.

"అవును," అంది దుర్గమ్మ. "అందుకే వచ్చిన."

ఆ మాట లక్కేకు నచ్చినట్టుంది. చేత్తో పక్కన నేల చూపించింది. దుర్గమ్మ కూర్చుంది.

"వండింది ఒక్కటే చెప్పిందా మీ అమ్మ?"

"ఇంకేమున్నది?"

"మీ తమ్ముడు పుట్టినప్పుడు నా బిడ్డ పోయి తొమ్మిది దినాలు. మీ అమ్మకు జరం, పాలు లేవు. ఆ పిలగాడు ఏడ్చి ఏడ్చి నీలమైపోయిండు. నేను కట్టెలు దించుతున్న. ఎత్తుకున్న." లక్కే తన రవిక లేని రొమ్మును చీర మీదుగా తట్టింది. "ఏడాది. వాడు నడక నేర్చింది నా ఏలు పట్టుకొని. మీ నాయిన కోక ఇచ్చి పొమ్మన్ననాడు వాడు నిద్రపోతుండె. నిద్రల పెట్టి పొమ్మన్నరు, లేస్తే ఏడుస్తడని."

గూడెంలో ఎక్కడో కోడి అరిచింది. దుర్గమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తౌంగప్ కనుమలో ముగించుకున్నాననుకున్నది ముగియలేదు.

"కాబట్టి నువ్వు పిలిస్తే రాను. మీ అమ్మ పిలిచినా రాను," అంది లక్కే. "వాడు రావాలె. వచ్చి అడగాలె."

"వాడు రాడు అవ్వా. వాడికి నోరు..."

మాట మధ్యలోనే ఆగింది. లక్కే దుర్గమ్మ భుజం మీదుగా కంచె వైపు చూస్తోంది.

తడికె అవతల భూషణం నిలబడి ఉన్నాడు. పంచె తొడల దాకా తడిసి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో ముఖమే చెబుతోంది.

అక్కకంటే ముందే బయలుదేరాడు. వాగు దగ్గరకొచ్చి, దాటలేక, అక్కడే కూర్చున్నాడు. అక్క దాటి వెళ్ళడం చూశాడు. ఆ తర్వాత తనూ దాటాడు. ఇదంతా తర్వాతెప్పుడో చెప్పాడు. అప్పుడు మాత్రం ఏమీ చెప్పలేదు. తడికె తోసుకుని వచ్చి లక్కే ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

లక్కే అతని నుదురు, చెవులు, నెరుస్తున్న జుట్టు చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని వేలితో గడ్డం పట్టి పైకెత్తింది.

"ముసలోడివైపోయినవ్ రా," అంది.

"ఆకలైతున్నది," అన్నాడు భూషణం. "పొద్దుగాల నుంచి ఏమీ తినలే. అంబలున్నదా?"

లక్కే లేచింది. మోకాలు పట్టుకుని, గోడ పట్టుకుని, దుర్గమ్మ సాయం వద్దని లేచింది. లోపలికెళ్ళి సొరకాయ బుర్రతో అంబలి తెచ్చి ఆకు దొప్పలో పోసింది. భూషణం రెండు చేతులా పట్టుకుని చివరి చుక్క దాకా తాగాడు. మళ్ళీ పొయ్యమని దొప్ప చాచాడు.

"పోదాం నడువు అవ్వా," అన్నాడు మూతి తుడుచుకుని. "తాగిన సంగతి కాశయ్య మామకు నేనే చెప్త. పాలదీ, అంబలిదీ."

దుర్గమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

*

వాగు దగ్గరకొచ్చేసరికి అవతలి గట్టు మీద ఒక మనిషి పరుగున రావడం కనిపించింది. బుల్లమ్మ. కొంగు జారిపోయింది, జుట్టు ఊడిపోయింది.

భూషణం నీళ్ళలోకి ఒక్క దూకు దూకాడు. "అమ్మకేమైనా..."

"అత్త బాగనే ఉన్నది. ఇంకింత అన్నం పెట్టమన్నది." బుల్లమ్మ ఒగరుస్తోంది. "కాశయ్య మామ పోయిండు."

"పొద్దు గూకలేదు గదా!" అంది దుర్గమ్మ.

"నేనే లేవమన్న."

వెనకే దుర్గమ్మా, లక్కే నీళ్ళలోకి దిగారు.

"మీరు పోయినంక అత్తను పిచ్చిదన్నడు. ఊకున్న. ఇట్లాంటి ముసలిది పోతే కాకులకెయ్యాలన్నడు. ఇగ నాకు ఆగలే. అరుగు దిగు మామా అన్న. దిగిండు. నిప్పూ నీళ్ళూ బందన్నడు. నాట్లకు ఒక్క మనిషి రాడన్నడు." బుల్లమ్మ జారిన కొంగు నడుముకు చెక్కుకుంది. "ఏం చేసిన వదినా నేను? పొద్దుగాల నుంచి నిన్ను ఒప్పుకోమని సంపిన. ఆఖరుకు నేనే చెడగొట్టిన."

దుర్గమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం చెడలే. మంచిగ చేసినవ్."

"నారు ముదురుతున్నది వదినా..."

లక్కే ఇంతసేపూ నీళ్ళలో కర్ర మీద ఆనుకుని నిలబడి వింటోంది. మెల్లగా గట్టెక్కి, బుల్లమ్మను పై నుంచి కిందికి చూసింది.

"ఎన్ని మడులు?" అంది.

"నాలుగు."

లక్కే గూడెం వైపు తిరిగి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, దోర్లిలో గట్టిగా కేకేసింది. ఆ వయసులో అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో. చేలలో వంగిన వాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. ఒకరు తిరిగి కేక వేశారు.

"రేపు తెల్లారి ఇరవై మంది వస్తరు," అంది లక్కే. "నాలుగు మడులు ఒక్క పూట పని. మరి అన్నం పెట్టాలె గదా. ఎక్కడ పెడతరు?"

"ఇంట్లనే," అన్నాడు భూషణం వెంటనే.

"ఇంట్లనంటే?" లక్కే కర్ర నేల మీద ఆనించింది. "గట్టు మీద ఆకులేస్తరా? వాకిట్లనా? అరుగు మీదనా? లోపలనా? మా వాళ్ళు అడుగుతరు. నేనేం చెప్పాలె?"

బుల్లమ్మ భర్త వైపు తిరిగింది. దుర్గమ్మ కూడా.

పొద్దు ఇంకా జానెడుంది. శబరి వైపు నుంచి మబ్బు మళ్ళీ లేస్తోంది. "లోపల..." అని భూషణం మొదలుపెట్టాడు. ముగ్గురు ఆడవాళ్ళూ అతని నోటివైపే చూస్తున్నారు.